స్టెయర్ ఎవో 10 ఎయిర్ పిస్టల్: మొరీనీ అలవాటైన చేతికి ఎట్ల కుదిరిందంటే

ఎవో 10 కొన్నప్పటి నుంచి మా షూటింగ్ క్లబ్ పిల్లల అమ్మానాన్నలు, చిత్తూరు నుంచి ఒకరిద్దరు తెలిసినోళ్లు అందరూ ఒకటే అడుగుతా ఉన్నారు, పిస్టల్ బాగుందా, మావాడికి కొనియ్యొచ్చా అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేకంటే ఇట్ల రాసి పెడితే పనైపోతుంది. ముందే తేల్చి చెప్తా, పిస్టల్‌కి వంక పెట్టే పని లేదు, కానీ మ్యాచ్ దగ్గర పెట్టుకుని మాత్రం కొనొద్దు, ఎందుకంటే డబ్బు కట్టిన రోజు మీ ఇంటికొచ్చేది ఇనుమూ చెక్కా అంతే, పట్టూ ట్రిగ్గరూ మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకోవాల్సిందే. ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆ కుదుర్చుకోవడం గురించే, ఫీచర్ల లిస్టు కావాలంటే కంపెనీ వాళ్ల పేపర్లో ఉండనే ఉంది.

తెలియనోళ్లకి రెండు ముక్కలు. ఇది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, అంటే మను భాకర్ 2024లో పారిస్‌లో కాంస్యం కొట్టిన ఈవెంట్, మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో వెండి తెచ్చిన ఈవెంట్. నిలబడి, ఒంటి చేత్తో, 60 షాట్లు. ఎలక్ట్రానిక్ టార్గెట్ అయితే గంటంపావు టైమ్, మా రేంజ్ మాదిరి పేపర్ టార్గెట్ అయితే గంటన్నర. నల్ల గుండ్రం అడ్డకొలత 59.5 మిల్లీమీటర్లు, దాని నడుమ 10 రింగు, అంటే పది పాయింట్లు వచ్చే చోటు, 11.5 మిల్లీమీటర్లు. లైసెన్స్ కావాలా అని కంగారు పడేవాళ్లకి, 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ లోపు ఉండే ఎయిర్ గన్‌కి 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు, ఈ మ్యాచ్ పిస్టల్ పవర్ 6 జౌల్స్ దరిదాపుల్లోనే ఉంటుంది. అయినా బిల్లు కాపీ, ఆధార్, క్లబ్ లెటర్ ఎప్పుడూ బ్యాగులోనే పెట్టుకోండి, బస్టాండ్‌లో కానిస్టేబుల్‌కి నిలబడి జౌల్స్ లెక్క చెప్పలేం కదా.

నేను ఇంతకుముందు క్లబ్ వాళ్ల మొరీనీ సీఎం 162 ఈఐతో కొట్టేవాణ్ణి. స్విస్ పిస్టల్, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్, బ్యాటరీతో పనిచేస్తుంది. చాలా మంచి పిస్టల్, దాని మీద నాకేం కోపం లేదు. కానీ క్లబ్ పిస్టల్ అంటే నలుగురు చేతులు మారేది, ఒకడు తన చేతికి తగ్గట్టు అరచెయ్యి కింది పలక పైకి జరుపుకుంటాడు, ఇంకొకడు కిందికి జరుపుతాడు, నాది నాకు అని ఎప్పుడూ ఉండదు. అందుకే సొంతంది కొందామనుకున్నా. ఎవో 10 ఆస్ట్రియా వాళ్లది, ట్రిగ్గర్ మెకానికల్. దీంట్లోనే ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ మోడల్ కూడా ఉంది గానీ నేను కావాలనే మెకానికల్ తీసుకున్నా. మా క్లబ్‌లో కొందరు 2021లో టోక్యోలో మను భాకర్ పిస్టల్ మ్యాచ్ నడుమ మొరాయించి ఆమె ఫైనల్ పోగొట్టుకున్న సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు, అది చూసి బ్యాటరీ అంటేనే భయపడేవాళ్లు ఉన్నారు. నా లెక్క అది కాదు, ఏ మిషన్ అయినా ఒకరోజు మొరాయిస్తుంది, నాకు ట్రిగ్గర్ లోపల ఏం జరుగుతోందో వేలికి తెలియాల, అంతే.

ధర గురించి అడక్కండి, లక్ష దాటుతుంది, మారతా ఉంటుంది. తెప్పించిన డీలర్ పేరు రాయను గానీ వారాల్లో వస్తుందన్నాయన నెలలు తిప్పాడు, ఫోన్ చేస్తే "సార్ కస్టమ్స్‌లో ఉంది సార్" అనేది ఒకటే పాట. అడ్వాన్స్ కట్టేముందు డెలివరీ తేదీ రాతపూర్వకంగా తీసుకోండి.

పెట్టె తెరిస్తే లోపల ఫ్యాక్టరీ వాళ్లు కొట్టిన టెస్ట్ టార్గెట్ కాగితం ఉంటుంది. బిగించి పెట్టి కొడితే గుండ్లన్నీ ఒకే బొక్కలోంచి పోయినట్టు ఉంటాయి. ఆ కాగితాన్ని దాచి పెట్టుకోండి, మనసుకు చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే మొదటి సాయంత్రం రేంజ్‌కి పోయి కొడితే నా గుండ్లు ఎడమ వైపు కిందికి, గడియారంలో ఏడూ ఎనిమిదీ గంటల దగ్గరికి పోయి కూర్చున్నాయి, ఒకటి రెండు మాత్రం దారి తప్పి పదికి తగిలాయి. పక్కన ఒక తమ్ముడు ఉండి "అన్నా సైట్ తిప్పన్నా, నాలుగు క్లిక్కులు కుడికి" అన్నాడు, సైట్ అంటే గురి చూసేదానికి పిస్టల్ మీద ముందూ వెనకా ఉండేవి. ఇక్కడే జాగ్రత్త. కొత్త పిస్టల్ తీసుకున్నోళ్లలో సగం మంది ముందు సైట్ తిప్పేస్తారు, అంటే తప్పు పట్టుకి సైట్‌ని సరిచేస్తా ఉన్నారన్నమాట, రేపు పట్టు మారితే సైట్ మళ్లీ తిప్పాల, ఆ తిప్పుడికి అంతు ఉండదు. మా కోచ్ సార్ స్క్రూడ్రైవర్ తీసి జేబులో పెట్టేసుకుని, టార్గెట్ కాగితం కూడా పీకేసి, "గోడకి కొట్టుకో పో" అన్నారు. అంటే పెల్లెట్ లేకుండా డ్రై ఫైర్. ఎవోలో ఆ సౌకర్యం బాగుంది, గాలి పోకుండా ట్రిగ్గర్ ఒక్కటే మళ్లీ సెట్ అవుతుంది, ఇంట్లో తెల్ల గోడ ముందు నిలబడి ఎంతసేపైనా చేసుకోవచ్చు. ప్రతిసారీ ఛాంబర్, అంటే పెల్లెట్ పెట్టే చోటు, ఖాళీగా ఉందా చూసుకోండి, అవతల గదిలో మనుషులు ఉంటే ఆ గోడ వద్దు.

అసలు తేడా ఎక్కడుందంటే గ్రిప్ వంపులో, గ్రిప్ అంటే చేత్తో పట్టుకునే చెక్క పిడి. మొరీనీ గ్రిప్‌కీ దీని గ్రిప్‌కీ వంపు వేరు, చూస్తే ఏం తెలియదు, పట్టుకుంటే మణికట్టుకి తెలుస్తుంది. దీన్ని కనిపెట్టడానికి సులువైన పద్ధతి ఉంది. మామూలుగా పట్టుకుని, కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తి, టార్గెట్ దగ్గరికి దించి, అప్పుడు కళ్లు తెరవాల. ముందు సైట్ వెనక గాడి నడుమ, పైభాగాలు సమంగా, రెండు పక్కలా ఒకే వెలుతురుతో కనిపిస్తే పట్టు కుదిరినట్టు. నాకు ఏం కనిపించిందంటే ముందు సైట్ గాడిలో మునిగిపోయి, ఎడమ పక్కకి ఒరిగి ఉంది. అంటే నా మణికట్టు ఇంకా మొరీనీ కోణంలోనే బిగుసుకుంటా ఉంది, దాన్ని కళ్లతో చూసి బలవంతంగా సరిచేసి కొడితే మొదటి పది షాట్లు బాగానే పోతాయి, గంట తర్వాత చెయ్యి అలిసిపోయి పాత కోణానికే పోతుంది.

ఈ ఒరుగుడు చిన్నదే కదా అనుకునేవాళ్లకి ఒక లెక్క. రెండు సైట్ల మధ్య దూరం మూడొందల చిల్లర మిల్లీమీటర్లు. ముందు సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటర్ పక్కకి జరిగితే 10 మీటర్ల దగ్గర గుండు దాదాపు 3 సెంటీమీటర్లు పక్కకి పోతుంది, అంటే పది కొట్టాల్సింది నల్ల గుండ్రం అంచు దాకా పోయి 7 దగ్గర పడుతుంది. అదే చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటర్ జరిగి, సైట్లు మాత్రం సమంగా ఉంటే, గుండు కూడా ఒక్క మిల్లీమీటరే జరుగుతుంది, పది పదిలాగే ఉంటుంది. అందుకే చెయ్యి ఊగితే భయపడొద్దు, మణికట్టు విరిగితే, అంటే దాని కోణం మారితే, భయపడండి అంటారు సార్. కొత్త పిస్టల్‌లో విరిగేది ఆ మణికట్టే.

ఎవోలో గ్రిప్ స్క్రూ వదులు చేసి వంపుని కొంచెం అటూ ఇటూ మార్చుకోవచ్చు, ఇది నాకు బాగా నచ్చిన విషయం. రవ్వంత తిప్పు, బిగించు, కళ్లు మూసి ఎత్తు, చూడు. ఓపిక లేనోళ్లకి ఈ పని కాదు. ముందు సైట్ గాడిలో మునగడం దీంతో సరిపోయింది గానీ ఆ ఎడమ ఒరుగుడు మాత్రం పోలేదు. కారణం చెక్క. నాది మీడియం సైజు గ్రిప్, వేళ్లకి సరిపోయింది, కానీ అరచేతి నడుమ గుంటలో చెక్కకీ చెయ్యికీ సందు ఉంది, ఉంగరం వేలి కింద మాత్రం ఒక ఎత్తు గుచ్చుకుంటా ఉంది. పట్టు బిగించిన ప్రతిసారీ ఆ ఎత్తు మీద చెయ్యి తిరుగుతా ఉంది.

ఇట్లాంటి పనికి పెద్ద ఊర్లలో గ్రిప్‌లు చెక్కేవాళ్లు ఉన్నారు, కొరియర్‌లో పంపి వాళ్ల చుట్టూ తిరగాల. మనకెందుకు ఆ తిప్పలు, ఏర్పేడు దగ్గర మాధవమాల ఉండగా. దేవుడి బొమ్మలు చెక్కే ఊరు, వీధిలోకి పోతే ఎక్కడ చూసినా వెంకన్నస్వామి, వినాయకుడు సగం చెక్కి ఆరబెట్టి ఉంటారు. పిస్టల్ ఇంట్లోనే పెట్టి, చెక్క ఒక్కటి విప్పుకుని బండి మీద పోయినా. ఒక పెద్దాయన, బొమ్మకి వేళ్లు చెక్కతా ఉన్నాడు, చూపిస్తే చేతిలోకి తీసుకుని గోటితో గీకి వాసన చూసి "అక్రోటు చెక్క, మనది కాదు, బాగుంది" అన్నాడు. విషయం అంతా చెప్పినా. కాసేపు ఆలోచించి, "దేవుడికి చెయ్యి చెక్కినాం గానీ నాయినా, మనిషి చెయ్యిని బట్టి చెక్క చెక్కడం నాకిదే మొదలు" అని నవ్వినాడు.

ఆయన చేసిన పద్ధతి చూసి నేర్చుకోవాల. జాజు పొడి కొంచెం నూనెలో తడిపి నా అరచేతికి పల్చగా పూసినాడు. "నువ్వు ఎట్ల పట్టుకుంటావో అట్ల పట్టుకో, నాకు చూపించేదానికి పట్టుకోవద్దు" అన్నాడు. పట్టుకుని వదిలితే చెక్క మీద ఎక్కడ ఎర్రగా అంటిందో అక్కడ చెయ్యి ఆనుతోంది, ఎక్కడ అంటలేదో అక్కడ సందు ఉంది. ఉంగరం వేలి కింద మచ్చ ముద్దగా పడింది. దాన్ని సన్న ఆకురాయితో రెండు మూడు రాపుళ్లు రాకి, తుడిచి, మళ్లీ జాజు పూసి, మళ్లీ పట్టుకోమన్నాడు. ఉలి ముట్టుకోనే లేదు, "తీసింది మళ్లీ పెట్టలేం" అని ఒక్కమాట అన్నాడు. అట్ల ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు, మధ్యలో టీ కూడా వచ్చింది. మచ్చ అరచెయ్యంతా పల్చగా పరుచుకున్నాక ఉప్పుకాగితంతో నున్నగా చేయబోతే నేనే ఆపినా, మాకు గరుకు కావాల, లేకపోతే చెమటకి జారుతుంది అని. అరచేతి గుంట దగ్గర సందుకి మాత్రం ఇంటికొచ్చి ఎం-సీల్ ముద్ద పెట్టి, చేతికి కొబ్బరినూనె రాసుకుని పట్టుకుని అచ్చు దింపుకున్నా, ఆరినాక ఆకురాయి పెట్టినా. డబ్బులు ఎంత అంటే "నీ ఇష్టం" అన్నాడు, ఆ మాట అనే వాళ్లకి ఎక్కువే ఇవ్వాల్సి వస్తుంది, ఇచ్చినా, సంతోషంగానే.

గ్రిప్ చెక్కించుకునేవాళ్లు ఒక రూల్ గుర్తు పెట్టుకోండి. గ్రిప్ చెయ్యిని దాటి మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదు, మణికట్టు పూర్తిగా వదులుగా, కనపడేట్టు ఉండాల. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాల, బరువు 1500 గ్రాములు దాటకూడదు. ఎం-సీల్ ఎక్కువ పెట్టి లావు చేసుకుంటే ఆ 50 దగ్గర దొరికిపోతారు.

ఇంక పట్టు బలం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ఎంత పైకి పోతే అంత పైకి దూర్చి పెట్టాల, బారెల్, ముంజేయి ఒకే గీతలో ఉండాల. పట్టుకునేది కింది మూడు వేళ్లు, అందులోనూ నడిమి వేలికి ఎక్కువ పని, అది చెక్కని నేరుగా వెనక్కి అరచేతిలోకి లాగాల. బొటనవేలు ఊరికే ఆనుకుని ఉండాల, అది నొక్కితే ముందు సైట్ పక్కకి పోతుంది. చూపుడువేలు చెక్కకి తగలకూడదు, సన్న సందు ఉండాల, లేదంటే ట్రిగ్గర్ లాగేటప్పుడు చెక్కని కూడా తోస్తుంది. ఎంత గట్టిగా పట్టాలంటే, చెయ్యి వణికేదాకా బిగించి, వణుకు ఆగేదాకా కొంచెం వదలాల, ఆ చోట ఆపాల. ఆ బలం మొదటి షాట్‌కీ అరవయ్యో షాట్‌కీ ఒకటే ఉండాల, అసలు కష్టం అక్కడే. మే నెలలో తిరుపతిలో మిద్దె మీద రేంజ్‌లో, ఫ్యాన్ పెడితే టార్గెట్ కాగితాలు ఊగుతాయని ఫ్యాన్ ఆపేస్తే, అరచేతిలో నీళ్లు కారతా ఉంటాయి, మనకి తెలియకుండానే పట్టు బిగుస్తా పోతుంది. చిన్న తువాలు నడుముకి కట్టుకోండి, ప్రతి షాట్‌కీ తుడుచుకోండి.

పట్టు కుదిరేదాకా నేను ట్రిగ్గర్ స్క్రూ ఒక్కటి కూడా ముట్టుకోలేదు, సార్ ముట్టనివ్వలేదు అంటే కరెక్ట్. రెండూ ఒకేసారి మారిస్తే గుండు ఎడమకి పోయినప్పుడు దోషం ఎవరిదో చెప్పలేం.

ఇప్పుడు ట్రిగ్గర్. ఈ పిస్టల్‌కి ప్రాణం ఇదే, కొత్తగా వచ్చేవాళ్లకి యమయాతన పెట్టేదీ ఇదే. రూల్ ప్రకారం ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకి తగ్గకూడదు. రెండు స్టేజీలుగా ఉంటుంది, మొదటి స్టేజీలో వేలు కొంత దూరం వెనక్కి వస్తుంది, ఒక చోట అడ్డం తగిలి ఆగుతుంది, అక్కడి నుంచి మిగిలిన బరువు వేస్తే షాట్ పోతుంది. చాలామంది మొదటి స్టేజీకి 350, 400 గ్రాములు పెట్టుకుని మిగిలింది రెండో దానికి పెట్టుకుంటారు. ఎవోలో ఈ రెండు బరువులూ, మొదటి స్టేజీ పొడవూ, షాట్ పోయినాక ట్రిగ్గర్ ఎక్కడ ఆగాలో ఆ స్టాపూ, ట్రిగ్గర్ పలక ముందుకా వెనక్కా, ఏ పక్కకి తిరిగి ఉండాలో, అన్నీ మార్చుకోవచ్చు. ఇన్ని స్క్రూలు ఉండటం వరమే గానీ చేతులు ఊరుకోనివాళ్లకి శాపం. ఏ స్క్రూ ఎంత తిప్పారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోకుండా తిప్పొద్దు.

మొరీనీ ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌లో రెండో స్టేజీ అనేది వేలికి అద్దం పగిలినట్టు తెగిపోతుంది, నడుమ జరుగుడు అనేదే తెలియదు. ఎవో మెకానికల్ కూడా చాలా శుభ్రంగా తెగుతుంది, కానీ అలవాటైన చోట తెగదు. కొత్త బండి క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలియక ముందు రెండు రోజులు బండి ఎగిరెగిరి పోతుంది చూడండి, అచ్చం అదే. నా వేలు మొరీనీ తెగే చోట తెగుతుందని ఎదురు చూస్తా ఉంది, అక్కడ తెగకపోయేసరికి, ఇంకా పోలేదే అని వేలితో పాటు చెయ్యంతా పిండేస్తా ఉంది. ఏడూ ఎనిమిదీ గంటల దగ్గర పడిన గుండ్లకి అసలు కారణం ఇది, కుడిచేతి వాళ్లకి ఎక్కువగా ఆ మూలకే పోతాయి.

దీనికి మందు ఏందంటే, మొదటి స్టేజీని చెయ్యి కిందికి దించేటప్పుడే లాగేసుకోవాల, టార్గెట్ కింద తెల్ల భాగంలో చెయ్యి నిలిచేసరికి వేలు అడ్డం దగ్గర కూర్చుని ఉండాల. అక్కడి నుంచి కళ్లు ముందు సైట్ మీద, నల్ల గుండ్రం మసకగా కనపడినా పర్లేదు, వేలు మాత్రం ఆగకుండా నిదానంగా బరువు పెంచుకుంటా పోవాల. "ఇప్పుడు" అని మనం అనుకున్నామంటే ఆ షాట్ పాడైనట్టే. మనకి తెలియకుండా పోవాల. చెయ్యి నిలిచినాక ఎనిమిది, పది సెకన్లు దాటినా పోకపోతే దించేయాల, మళ్లీ ఎత్తాల. పిల్లలకి ఈ దించేయడం నేర్పించడమే కష్టం, అంతసేపు పట్టుకున్నాం కదా కొట్టేద్దాం అనుకుంటారు.

వేలు ఎక్కడ పెట్టాలి అనేది ఇంకో గొడవ. వేలి చివర మెత్తటి భాగం నడుమ, మొదటి కణుపుకి ముందు, ట్రిగ్గర్‌ని నేరుగా వెనక్కి తోసేట్టు ఉండాల. గ్రిప్ లావుగా ఉంటే వేలు అందక కొన మాత్రమే తగులుతుంది, అప్పుడు కుడిచేతి వాళ్లు ట్రిగ్గర్‌ని ఎడమకి తోస్తారు. సన్నగా ఉంటే వేలు లోపలికి చుట్టుకుని కుడికి లాగుతారు. అంటే మాధవమాలలో పెద్దాయన రాకిన రెండు రాపుళ్లకి నా వేలు ట్రిగ్గర్ మీద కూర్చునే చోటు కూడా మారిపోయింది, అందుకే ట్రిగ్గర్ పలకని తర్వాత కొంచెం ముందుకి జరుపుకోవాల్సి వచ్చింది. ముందు ట్రిగ్గర్ సర్దుకుని తర్వాత చెక్క చెక్కించుకుని ఉంటే ఆ సర్దుడు అంతా గంగలో కలిసేది.

స్టాప్ స్క్రూ గురించి ఒక్కమాట. షాట్ పోయిన వెంటనే ట్రిగ్గర్ ఆగిపోయేట్టు బిగిస్తే బాగుంటుందని అందరూ అంటారు, మరీ బిగిస్తే షాట్ పోయే క్షణంలోనే వేలు గోడకి కొట్టుకున్నట్టయి సైట్ అదురుతుంది. నేను కొంచెం వదులే పెట్టుకున్నా.

షాట్ పోయినాక సంగతి వేరే చెప్పాల. ఎవోలో ఎదురుదెబ్బ మింగేసే ఏర్పాటు ఉంది, షాట్ పోయినా పిస్టల్ ఎగరదు, ముందు సైట్ ఉన్నచోటనే ఉన్నట్టు ఉంటుంది. మొరీనీ 162లో అది లేదు, చిన్నగా ఎగిరి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. నాకు ఆ ఎగురుడు చూసి గుండు ఎటు పోయిందో చెప్పే అలవాటు, సైట్ పక్కకి ఎగిరిందంటే పట్టులో తేడా వచ్చిందని తెలిసిపోయేది. ఇక్కడ ఆ గుర్తు లేదు. అన్నీ మంచి షాట్లే అనిపిస్తాయి, కాగితం తెచ్చి చూస్తే 8 ఉంటుంది. అందుకని షాట్ పోయే ఆ ముక్క క్షణంలో ముందు సైట్ గాడిలో ఎక్కడుందో ఫోటో తీసినట్టు మనసులో పెట్టుకోవడం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. షాట్ తర్వాత రెండు సెకన్లు చెయ్యి అట్లే నిలపాల, వేలు కూడా ట్రిగ్గర్ వెనక్కి పట్టుకునే ఉండాల. పిస్టల్ ఎగరట్లేదు కదా అని వెంటనే దించేసే పిల్లల్ని చూస్తున్నా, రెండు వారాల్లో షాట్‌కి ముందే దించడం మొదలుపెడతారు. ఈ ఏర్పాటు బాగా నేర్చినోళ్లకి పదును పెడుతుంది, కొత్తోళ్లకి మాత్రం తప్పులు దాచి పెడుతుంది, నా అభిప్రాయం.

గాలి విషయం తొందరగా చెప్పేస్తా. గుండుని తోసే గాలి ఉండే సిలిండర్ ప్రెషర్ 200 బార్, నింపితే సైటర్లతో, అంటే లెక్కలోకి రాని ముందు షాట్లతో, సహా ఒక మ్యాచ్‌కి హాయిగా సరిపోతుంది. పంక్చర్ షాపులో పట్టుకోవచ్చా అని ఒకాయన నిజంగానే అడిగాడు, కుదరదు సామీ, ఆ కంప్రెసర్ దీని ముందు ఏ మూలకీ రాదు. నీళ్లలో మునిగేవాళ్లు వాడే స్కూబా సిలిండర్ అన్నా ఉండాల, హ్యాండ్ పంప్ అన్నా ఉండాల, హ్యాండ్ పంప్ అయితే మ్యాచ్ రోజు కొట్టొద్దు, చెయ్యి వణుకుతుంది, ముందు రోజే నింపి పెట్టుకోండి. గాలి పొడిగా ఉండాల, తేమ లోపలికి పోతే వాల్వ్‌కి చేటు. సిలిండర్ మీద తేదీ ఉంటుంది, 10 ఏళ్ల తర్వాత మ్యాచ్‌లో ఒప్పుకోరు, సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొనేవాళ్లు ముందు ఆ తేదీ చూడండి, బారెల్ తర్వాత చూసుకోవచ్చు. ఎండలో కారులో వదిలేయకండి. ఇంకా ముఖ్యం, ప్రాక్టీస్ అయిపోయి అట్నుంచి అట్లే కుటుంబంతో కొండకి పోదామని బ్యాగు డిక్కీలో పెట్టుకుని అలిపిరి దాకా పోకండి, అక్కడ ప్రతి బ్యాగూ స్కాన్ చేస్తారు, ఇది ఆట పిస్టల్ సార్ అని చెప్పేలోపు మీ దర్శనం స్లాట్ అయిపోతుంది.

ఎవరు కొనొచ్చు అంటే, రెండు మూడేళ్లుగా కొడతా, క్లబ్ పిస్టల్‌తో స్కోర్ ఒకచోట ఆగిపోయి, ఆ ఆగిపోవడానికి కారణం పిస్టల్ చేతులు మారడమే అని కోచ్ కూడా ఒప్పుకుంటే కొనండి. ఇప్పుడే చేరిన పిల్లాడికి మాత్రం వద్దు, వాడి చెయ్యి ఇంకా పెరుగుతుంది, మీడియం గ్రిప్ కొంటే ఏడాదికి లార్జ్ కావాలంటాడు. ఎడమచేతి వాటం వాళ్లకి గ్రిప్ వేరే ఉంటుంది, ఆర్డర్‌లో స్పష్టంగా రాయించండి. మొరీనీ నుంచే రావాలని లేదు, వాల్తర్, పార్దినీ లాంటి వేరే కంపెనీల పిస్టల్ నుంచి వచ్చినా పని వరుస ఇదే, ముందు వంపు, తర్వాత చెక్క, ఆ తర్వాత ట్రిగ్గర్, సైట్ స్క్రూ అన్నిటికంటే చివర. నేను సైట్ తిప్పింది చివర్లోనే, అప్పటికి తిప్పాల్సింది కూడా పెద్దగా మిగల్లేదు.

ఇంకొకటి, మ్యాచ్‌కి పోయేముందు ట్రిగ్గర్ బరువు ఇంట్లో తూచుకుని పోండి. అక్కడ చెకింగ్‌లో బారెల్ నిలువుగా పెట్టి 500 గ్రాముల తూకం ట్రిగ్గర్‌కి తగిలించి ఎత్తుతారు, ఎత్తకముందే ట్రిగ్గర్ జారితే పిస్టల్ లోపలికి పోదు, అక్కడ నిలబడి చెమటలు కక్కుకుంటా స్క్రూ తిప్పాల. నేను కిరాణా కొట్టు అర కిలో రాయికి కొక్కెం కట్టి, డిజిటల్ త్రాసు మీద చూసుకుని, కొక్కెంతో కలిపి 510 దాకా వచ్చేట్టు చేసి పెట్టుకున్నా, అది ఎత్తితే చాలు, అక్కడ భయం లేదు.